ఈ గది దాటి పోదు

పెడన,
14 సెప్టెంబరు 2024.

గౌరవనీయులైన కోచ్ మేడమ్ గ్లోరియా గారికి,

నాంచారమ్మ నమస్కరించి రాయడమేమంటే, మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉద్యోగం ఉన్నవాళ్ళ క్షేమానికేం లోటు!

నేను పెడనలో మా అక్క ఇంట్లో ఉన్నాను. మల్కాజ్‌గిరిలో మీ ఇంటి పక్క గది ఖాళీ చెయ్యలేదు, తాళం వేసి వచ్చాను. మీ అమ్మ డోరాకి ఊరెళ్తున్నానని మాత్రమే చెప్పాను. ఎందుకెళ్తున్నానో చెప్పలేదు. మీరూ చెప్పి ఉండరు.

మంగళవారం పొద్దున షాపు తెరవగానే మేనేజరు హేమచంద్ర గారు పైకి పిలిచారు. కూర్చోమన్నారు. పదహారేళ్ళుగా ఆ బట్టల షాపులో చీరల దగ్గర చేస్తున్నాను, ఒక్కసారీ కూర్చోమనలేదు. ఆయన బల్ల మీదున్న కాగితం తీసి గట్టిగా చదివారు. "రంగుల తేడా తెలియడం లేదు. నేవీ బ్లూకీ నలుపుకీ పొరబడుతోంది. పక్కమ్మాయిని అడిగి నెట్టుకొస్తోంది. మేనేజ్‌మెంటుకు తెలియకుండా దాస్తోంది." చదివి, "ఏమ్మా, నిజమేనా?" అన్నారు. ఏమని చెప్పను? అవి నా మాటలే.

ఆ మాటలు నేను లోకంలో ఒక్క మనిషికే చెప్పాను. ఆగస్టు మొదటి వారంలో, స్టాకు గది పక్కన, తలుపు వేసి, నా చెయ్యి పట్టుకుని "చెప్పు పిన్నీ, నువ్వేం చెప్పినా ఈ గది దాటి పోదు" అన్న మనిషికి.

కోచింగ్ అంటే ఏమిటో నాకేం తెలుసు? షాపు వాళ్ళు పిలిపించిన కంపెనీ మనిషికి పనిలో ఇబ్బందులు చెప్పుకుంటే సాయం చేస్తారన్నారు. వచ్చింది మన గ్లోరీయే కదా అని మురిసిపోయాను. నాకు కళ్ళలో శుక్లాలు. షుగరు వల్ల తొందరగా వచ్చాయన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేస్తే పోయేవి. శ్రావణమాసం పెళ్ళిళ్ళ రద్దీ తగ్గాక నాలుగు రోజులు సెలవు పెడదామనుకున్నాను. ఇదంతా నీతో చెప్పానా లేదా? శ్రావణమంతా రోజుకి పన్నెండు గంటలు నిలబెట్టి చీరలమ్మించుకున్నారు. వినాయక చవితి వెళ్ళిన మూడో రోజున పొమ్మన్నారు. షాపు వాళ్ళిచ్చిన ఇన్సూరెన్సు కార్డు కూడా ఆ బల్ల మీద పెట్టి పొమ్మన్నారు. ఇక ఆపరేషన్ ఎవరు చేయిస్తారు, నువ్వా?

నా ఫోనుకి చెయ్యకు. ఎత్తను. మాటలతో మనుషుల్ని మెత్తబరచడం నీకు జీతమిచ్చి నేర్పారు. నీ గొంతు వింటే నేను మళ్ళీ కరిగిపోతాను. అందుకని కాగితం మీద రాయి. చదువుతాను.

నాంచారమ్మ


మల్కాజ్‌గిరి,
23 సెప్టెంబరు 2024.

ప్రియమైన పిన్నికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు బాధలో రాశావని అర్థం చేసుకోగలను. నీ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పాలి. కోచింగ్ షీటులో నేను వేసేది మార్కులు మాత్రమే. నీకు చాలా మంచి మార్కులు వేశాను. "సహాయం అవసరం" అని కూడా రాశాను. అంతకు మించి షాపు వాళ్ళకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. నువ్వు రంగులు అడిగే పక్కమ్మాయి ఎవరికైనా చెప్పి ఉండొచ్చు. లేదా హేమచంద్ర గారే గమనించి ఉండొచ్చు. ఉద్యోగం నుంచి తీసే నిర్ణయం పూర్తిగా షాపుది. మా కంపెనీకి అందులో ఏ పాత్రా ఉండదు.

జరిగినదాన్ని పట్టుకుని కూర్చుంటే లాభం లేదు పిన్నీ. నీకున్న అనుభవం చిన్నది కాదు. నీ బయోడేటా ఒకటి నాకు పంపు. మేము ఉద్యోగులను వెతికిచ్చే పని కూడా చేస్తాం కాబట్టి, నీకు సరిపోయేది ఏదైనా వస్తే తప్పకుండా తెలియజేస్తాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆమెకు బీపీ. నువ్వు కూడా చెప్పకపోతే మంచిది.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ గ్లోరియా


పెడన,
1 అక్టోబరు 2024.

గ్లోరియాకి,

ఉత్తరం కాదది, బ్యాంకు వాళ్ళు పంపే నోటీసు. "అర్థం చేసుకోగలను" అట! "తెలియజేస్తాను" అట! ఎనిమిదో క్లాసులో లెక్కలు తప్పి మా గదిలో మంచం కింద దాక్కున్న పిల్లవి నువ్వు. నిన్ను బయటికి లాగి, మొహం కడిగి, మీ అమ్మ చేత దెబ్బలు తప్పించింది నేను. నాకా ఈ భాష?

నా ముందు కాగితం చదివారని రాస్తే, పక్కమ్మాయి మీదికి తోస్తావా? ఆ పక్కమ్మాయి అంటే లచ్చమ్మ. చీరలు మడతపెట్టే మనిషి. నాలుగేళ్ళ నుంచి నేను చెయ్యి చాపితే, "అక్కా, గది నెమలికంఠం, గిది ముదురాకుపచ్చ" అని చెవిలో చెప్పిన మనిషి. నోరు విప్పేదే అయితే ఎప్పుడో విప్పేది. నిన్న ఫోన్ చేసి ఏడ్చింది. "షాపుల నువ్వు లేకుంటే నాకు మనసున పడ్తలేదక్కా" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. నేను మంగళవారం బయటికొచ్చాను. బుధవారం పొద్దున పది గంటలకి నా స్థానంలో కొత్త సూపర్‌వైజరు నిలబడి ఉందట. జోయా అని పిల్ల. ఇరవై నాలుగేళ్ళట. మెడలో షాపు కార్డు కూడా తగిలించుకుని ఉందట, ఫోటోతో సహా!

ఒక్క రాత్రిలో మనిషి ఎక్కడి నుంచి ఊడిపడుతుంది గ్లోరియా? కార్డు ఎప్పుడు అచ్చు వేశారు? ఆ పిల్లని ఎవరు వెతికిచ్చారు? మీ కంపెనీ ఉద్యోగులను వెతికిస్తుందని నువ్వే కదా రాశావు.

బయోడేటా పంపమన్నావు. రాసుకో. పేరు: నాంచారమ్మ. వయసు: నలభై తొమ్మిది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ముప్పై గజాల దూరం నుంచి మనిషి నడక చూసి, పట్టు కొంటుందో, నేత చీర కొంటుందో చెప్పగలదు. నీ మొదటి ఇంటర్వ్యూకి చీర ఎంచి పెట్టింది, కుచ్చిళ్ళు సర్ది పంపింది. లోపం: మనిషిని నమ్ముతుంది.

పాముని కొట్టినట్టు కొట్టినా ఊరుకునేదాన్ని. తడిగుడ్డతో గొంతు కోశావు. నిజం రాస్తే రాయి. లేకపోతే మళ్ళీ రాయకు.

నాంచారమ్మ


మల్కాజ్‌గిరి,
12 అక్టోబరు 2024.

పిన్నీ,

నువ్వు అంత తిట్టాక నాకూ కోపం వచ్చింది. నాలుగు కాగితాలు రాసి చింపేశాను. ఇది చింపను.

నీకు ఉద్యోగం పోయింది. నాకు ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టింది, అది నీకు తెలుసు కానీ ఎలా పట్టిందో తెలియదు. యూనివర్సిటీలో నాకు హెచ్.ఆర్.లో రెండో ర్యాంకు. అరవై చోట్ల అప్లికేషన్ పెట్టాను. ఒకడు నా పేరు చూసి "చర్చికి ఆదివారం సెలవు కావాలంటావా" అని నవ్వాడు. ఇంకొకడు పెళ్ళెప్పుడని అడిగాడు. అలాంటి ప్రశ్నలు అడగని రిక్రూటరుని అవుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను పిన్నీ. ఈ కంపెనీ తీసుకున్నప్పుడు నాన్న ప్రార్థన పెట్టించాడు, నువ్వే వచ్చి పులిహోర కలిపావు. ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. ఆగస్టు నాకు అయిదో నెల.

ఇప్పుడు నిజం. షీటులో మార్కుల పక్కన "కోచ్ పరిశీలన" అని ఒక గడి ఉంటుంది. మొదటి మూడు నెలలు నేను దాన్ని ఖాళీగా వదిలేదాన్ని. మా మేనేజరు వేణుమాధవ్ సార్ పిలిచి, "నువ్వు మంచిదానివే గ్లోరియా, కానీ నీ షీట్లల్ల సరుకు లేదు. జెర లోపలికి పో. క్లయింటు పైసలిచ్చేది గందుకే" అన్నాడు. ఆ తర్వాత వారం నువ్వు నా ఎదురుగా కూర్చున్నావు. నీ మాటలు నువ్వు చెప్పినవి చెప్పినట్టే రాశాను. "రిస్కు" అన్న చోట టిక్కు పెట్టాను. ఆపరేషన్‌తో తగ్గిపోతుందని మాత్రం రాయలేదు. గడిలో చోటు లేదనుకున్నాను. చోటు ఉంది.

జోయాని ఎంపిక చేసింది నేనే. ఆగస్టు 19న నాకు మెయిల్ వచ్చింది: ఫ్లోర్ సూపర్‌వైజరు కావాలి, ముప్పై లోపు వయసు, కంటిచూపు బాగుండాలి. ఆ చివరి మాట చదివినప్పుడే నాకు తెలిసింది. తెలియనట్టు ఉండిపోయాను. ముగ్గురిని ఇంటర్వ్యూ చేసి జోయాని పంపాను. నువ్వు ఇంకా అక్కడ నిలబడి శ్రావణం చీరలు అమ్ముతున్నావు. ఆ వారం నువ్వు మా ఇంటికి గారెలు తెచ్చావు. తిన్నాను.

నీ రెండో ఉత్తరం వచ్చాక ఆఫీసులో అడిగాను. "సార్, కోచింగ్‌లో చెప్పినవి ఎవరికీ చెప్పమని మాటిచ్చాం కదా."

"ఎవరికి చెప్పినం? క్లయింటుకే కదా."

"ఆమెకి ఆపరేషన్ అయితే సరిపోయేది సార్."

"గుడ్ పాయింట్. నెక్స్ట్ టైమ్ గది సుత షీట్ల రాయి" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. నన్ను ప్రొబేషన్ నుంచి పర్మనెంట్ చేసిన కాగితం అదే రోజు చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం పాత షీట్లు తీసి చూశాను. ఈ ఆరు నెలల్లో నేను పదకొండు మందికి కోచింగ్ ఇచ్చాను. ఆరుగురు ఇప్పుడు వాళ్ళ షాపుల్లో లేరు. ఆ ఆరుగురి స్థానాల్లోకీ మా కంపెనీయే మనుషుల్ని పంపింది. ఒక చేత్తో ఊడబీకుతాం, ఇంకో చేత్తో నాటుతాం, రెండింటికీ కూలి తీసుకుంటాం.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది, నీ మీద కూడా కోపంగా ఉంది. ఎందుకు చెప్పావు పిన్నీ నాకు? కంపెనీ కార్డు మెడలో వేసుకుని వచ్చిన మనిషికి ఎవరైనా అంత మాట చెబుతారా?

గ్లోరియా


పెడన,
22 అక్టోబరు 2024.

గ్లోరీ,

ఎందుకు చెప్పావని నన్నే అడుగుతున్నావా! చదివి కాగితం ఉండచుట్టి పెరట్లోకి విసిరేశాను. మళ్ళీ నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. మా అక్క చూసి, "ఎవరే ఆ ఉత్తరాలు? సెలవు ఎన్నాళ్ళు పెట్టావే?" అంది. ఉద్యోగం పోయిందని మా వాళ్ళకి ఈ రోజు వరకూ చెప్పలేదు. ఆ అడగడంతో చెప్పేశాను. మా బావ, "ఆ షాపు తగలబెట్టాలి" అన్నాడు, తర్వాత అన్నం తిని పడుకున్నాడు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఒక చోట ఆగిపోతున్నాను. "తెలియనట్టు ఉండిపోయాను" అని రాశావే, అక్కడ.

నీకు చెప్పనిది ఒకటుంది. మీ అమ్మకీ చెప్పలేదు. ఏడేళ్ళ క్రితం నేను మామూలు సేల్స్ మనిషిని. మా సెక్షన్‌లో కాంతమణి అని ఒకావిడ ఉండేది. యాభై దాటింది, మోకాళ్ళ నొప్పులు. కస్టమర్లు లేనప్పుడు ట్రయల్ రూము వెనక స్టూలు వేసుకుని కూర్చునేది. నేను కాపలా కాసేదాన్ని. ఒకరోజు హేమచంద్ర గారు పిలిచి, "సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అవుతోంది నాంచారమ్మా, మీ సెక్షన్‌లో ఎవరు వెనకబడుతున్నారు?" అన్నారు. కోచింగ్ లేదు, షీటు లేదు, నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. స్టూలు సంగతి చెప్పేశాను. పది రోజుల్లో ఆవిడ లేదు. నేను సూపర్‌వైజరునయ్యాను. వెళ్ళేరోజు కాంతమణి నా దగ్గరికొచ్చి, "నువ్వైనా జాగ్రత్తగా ఉండు తల్లీ, ఎవరో చెప్పేశారు" అంది.

ఇది రాసినంత మాత్రాన నీ తప్పు తగ్గిందనుకోకు. నా మీద కోపం నాది, నీ మీద కోపం నీదే. రెండూ వేరు వేరు పొయ్యిలు.

ఏడుపు రాతలు ఆపు. అసహ్యం వేస్తే కడుక్కోవాలి, వాసన చూస్తూ కూర్చోకూడదు. ఏం చేస్తావో చేసి రాయి.

నాంచారమ్మ


మల్కాజ్‌గిరి,
8 నవంబరు 2024.

పిన్నీ,

చేశాను. ఉద్యోగం పోయింది.

సోమవారం మీ షాపులోనే కొత్త విడత కోచింగ్. ఈసారి ఒక్కొక్కరిని పిలవలేదు. అందరినీ పై అంతస్తులో కూర్చోబెట్టాను. జోయా కూడా ఉంది. షీటు ఎత్తి చూపించి, "మీరు నాకు చెప్పేదంతా దీంట్లో ఎక్కుతుంది. ఇది రేపు హేమచంద్ర గారి బల్ల మీద ఉంటుంది. ఇంతకుముందు ఈ గది దాటదని చెప్పాను. అది అబద్ధం. ఆలోచించుకుని మాట్లాడండి" అన్నాను.

వెనక నుంచి లచ్చమ్మ లేచింది.

"అంటే, నాంచారక్క ముచ్చట రాసింది నువ్వేనా?"

"నేనే రాశాను."

"గీ మాట అప్పుడే చెప్తే ఏం పోతుండె బిడ్డా? మా అక్కను గింత పరేషాన్ జేస్తివి" అంది. కేకలు పెట్టలేదు. నా మొహంలోకి చూసి, చీరలు మడతపెట్టుకోవడానికి కిందికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్ళిపోయారు. జోయా ఒక్కతే ఆగి, "నన్ను ఆమె జాగాలనే తీసుకున్నరా మేడమ్?" అని అడిగింది. అవునన్నాను. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

ఆఫీసుకి చేరేసరికి కబురు ముందే చేరింది. వేణుమాధవ్ సార్ ఫైలు గోడకేసి కొట్టాడు. "ఏందీ డ్రామా? క్లయింటు ముందట మమ్మల్ని దొంగలను చేస్తవా?" అని అరిచాడు. నేనూ అరిచాను. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి మీద గొంతు లేపాను. "చేసింది నేను కాదు సార్, చేసినదాన్ని పైకి చెప్పింది నేను" అన్నాను. నా బల్ల ఖాళీ చెయ్యడానికి పావుగంట ఇచ్చారు. ఆగస్టు 19 మెయిల్ కాపీ మాత్రం పొద్దునే అచ్చు తీసి సంచీలో పెట్టుకున్నాను.

అమ్మకి చెప్పాను. గ్యాస్ కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి చెంప మీద కొట్టింది. తర్వాత, "నాంచారు రెండు నెలలుగా నాతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోందే" అని ఏడ్చింది. మూడు రోజులు నాకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. నాలుగో రోజు లేబరు ఆఫీసు ఎక్కడుందో కనుక్కొచ్చింది.

దీంతో పాటు నేను సంతకం పెట్టిన కాగితం పంపుతున్నాను. ఏం జరిగిందో తేదీలతో రాశాను. నువ్వు ఫిర్యాదు పెడితే నేను వచ్చి అదే చెబుతాను. పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం.

గ్లోరియా


నేరేడ్‌మెట్,
28 డిసెంబరు 2024.

గ్లోరీకి,

పక్క పేటలోనే ఉండి ఉత్తరం ఏమిటనుకుంటావు. నాకింకా నీ మొహం చూసి మాట్లాడాలని లేదు. ఆపరేషన్ అయ్యాక చూసుకోవడానికి మనిషి కావాలి కాబట్టి, ఇక్కడ మా పెద్దమ్మ కూతురి ఇంట్లో దిగాను. ఎనిమిది రోజుల క్రితం కుడికన్ను అయింది. ఎడమది వచ్చే నెల. డాక్టరు రాసుకోవచ్చన్నాడు కాబట్టి రాస్తున్నాను.

లేబరు ఆఫీసులో నీ మాట అయ్యాక నిన్ను బయట కూర్చోమన్నారు కదా. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాలి. నేనే మానేశానని హేమచంద్ర గారు మొదట చెప్పిన అబద్ధం ఆ మెయిల్ కాగితం చూపించాక నిలబడలేదు. "ఆ అమ్మాయిని కంపెనీ తీసేసింది సార్, ఆ కక్షతో చెబుతోంది" అన్నారు. ఆఫీసరు కళ్ళజోడు తీసి, "కక్షతో చెప్పినా తేదీ మారదు కదండీ. ఈవిడ ఉద్యోగంలో ఉండగానే ఈవిడ స్థానానికి మనిషిని అడిగారు" అన్నాడు. అరగంట గుసగుసలు. చివరికి తీసుకుంటామన్నారు. పాత పోస్టు, సర్వీసు తెగకుండా పాత తేదీతోనే. ఇన్సూరెన్సు కార్డు వెనక్కిచ్చారు.

ఇచ్చి, "సరే, ఆ జోయాని రేపే పంపించేస్తాంలెండి" అన్నారు ఉదారంగా. అప్పుడు చూడాల్సింది నన్ను. బల్ల మీద గుద్దాను. "ఆ పిల్లని తీస్తే నేను ఇంకో ఫిర్యాదుతో ఈ ఆఫీసు గుమ్మం మళ్ళీ ఎక్కుతాను" అన్నాను. జాలి కాదు, ఒళ్ళు మండింది. ఒకరిని తీసి ఒకరిని పెట్టడం, పెట్టి తియ్యడం, మేమేమన్నా బొమ్మకి కట్టే చీరలమా? రెండో అంతస్తులో పిల్లల బట్టల దగ్గరికి ఆ పిల్లని మార్చారు.

ఎడమకన్ను అయ్యాక పనిలోకి వెళ్తాను. నిన్ను క్షమించి వెళ్ళడం లేదు. మీ అమ్మ వచ్చి రెండు పూటలు కూర్చుంది. "దాన్ని ఒక్కసారి పిలవవే" అంది. పిలవనన్నాను. ఎప్పుడు పిలుస్తానో నాకే తెలియదు. ఆ అబద్ధం నీ నోటితో చెప్పావు, చెబుతూ నా చెయ్యి నిమిరావు. నాకు ఇప్పటికీ ఆ చెయ్యి మీద చిరాకుగా ఉంటుంది.

నువ్వు ఉద్యోగాల కోసం తిరుగుతున్నావని డోరా చెప్పింది. తిరుగు. ఈసారి గడి ఖాళీగా వదిలెయ్యమనే చోట చేరు. వెంటనే దొరక్కపోతే ఆలస్యంగా దొరుకుతుంది, ఏం మునిగిపోదు. కానీ అంతకుముందు ఒక పని ఉంది. ఆరుగురన్నావు. నా సంగతి తేలింది. మిగతా అయిదుగురికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. వాళ్ళింకా పక్కనున్న మనిషినే అనుమానిస్తూ ఉంటారు. ఒక్కొక్కరికీ రాయి. నాకు రాసిన మొదటి ఉత్తరంలా రాయకు, రెండోది రాసినట్టు రాయి. వాళ్ళు ఏమని తిడితే అది పూర్తిగా చదువు. మధ్యలో ఆపకు.

కాంతమణి కూకట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటోందని లచ్చమ్మ అడ్రసు సంపాదించి ఇచ్చింది. ఏడేళ్ళయింది. ఆవిడ కాగితం అందుకోగానే నా పేరు చూసి సంతోషపడుతుంది, అదే నాకు భయం. ఇది మూసి పక్కన పెట్టి, ఇప్పుడే ఆవిడకి రాయడానికి కూర్చుంటున్నాను.

నాంచారమ్మ